బొమ్మ అమ్మినట్టా? కౌలుకిచ్చినట్టా?

సంక్రాంతి నెల పడితే ఫ్లెక్సీ షాపులకు ఊపిరాడదు. గాలిపటాలు, గంగిరెద్దు, హరిదాసు, ముగ్గు మధ్యలో గొబ్బెమ్మ... అన్నీ విడివిడి లేయర్లుగా ఉన్న ఫొటోషాప్ పీఎస్‌డీ ఫైలు ఏదో టెలిగ్రామ్ గ్రూపులోంచి వచ్చి పడుతుంది. షాపులోని కుర్రాడు దాన్ని తెరిచి, పైన పెద్ద నాయకుడి ఫొటో పెట్టి, కింద వార్డు నాయకుల మొహాలు గుండ్రాల్లో అతికించి, పేర్లు మార్చి ప్రింటుకు పంపుతాడు. సాయంత్రానికి అది సెంటర్లో వేలాడుతుంది. ఆ హరిదాసును గీసిందెవరో షాపువాడికి తెలియదు, ఫైలు పంపినవాడికీ తెలియదు. లేయర్ల పట్టీలో ఆ బొమ్మ పేరు ‘లేయర్ 14 కాపీ 2’.

గీసిన మనిషి ఎక్కడో ఉన్నాడు. తలపాగా మడతలకు, తంబుర తీగలకు ఒక రాత్రంతా పెట్టి ఉంటాడు. ఆ మనిషికీ ఆ బొమ్మను వాడుకున్న వందల షాపులకూ మధ్య ఉండాల్సింది ఒక్క కాగితం, లైసెన్సు. మన దగ్గర డిజైనర్లు ఎక్కువగా నష్టపోతున్నది ఆ కాగితం దగ్గరే. ఫైలు చేతికిస్తే హక్కు కూడా ఇచ్చేసినట్టేనని ఇచ్చేవాడూ, పుచ్చుకునేవాడూ కూడా అనుకుంటున్నారు. చట్టం అలా అనుకోవడం లేదు.

పొలం సంగతి తెలిసినవాళ్లకు ఇది చెప్పడం తేలిక. పొలాన్ని అమ్మవచ్చు, కౌలుకీ ఇవ్వవచ్చు. అమ్మితే పట్టా చేతులు మారుతుంది. కౌలుకిస్తే ఎన్నేళ్లు, ఏ పంట, ఎంత కౌలు అన్నది మాట్లాడుకుంటారు, పట్టా మాత్రం రైతు పేరునే ఉంటుంది. బొమ్మకైనా అంతే. హక్కుల బదిలీ అంటే అమ్మకం, లైసెన్సు అంటే కౌలు. తేడా ఒక్కటే, ఒకే బొమ్మను ఒకేసారి పదిమందికి కౌలుకివ్వవచ్చు. ఒక్కరికే ఇస్తే అది ఎక్స్‌క్లూజివ్, దాని ధర సహజంగానే ఎక్కువ.

1957 నాటి కాపీరైట్ చట్టం ఈ విషయంలో కళాకారుడి పక్షానే ఉంది. బొమ్మ గీసిన క్షణం నుంచే హక్కు పుడుతుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చేయించుకుంటే కోర్టులో సాక్ష్యంగా పనికొస్తుంది. కళాకృతికి దరఖాస్తు రుసుము 500 రూపాయలు, సరుకుల మీద వాడే బొమ్మైతే 2,000. ఇక హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. ఆ కాగితంలో గడువు రాయకపోతే చట్టం దాన్ని 5 ఏళ్లుగానే లెక్కేస్తుంది. ఎక్కడెక్కడ వాడుకోవచ్చో రాయకపోతే భారతదేశం వరకే అని అర్థం. హక్కు కొనుక్కున్నవాడు ఏడాదిలోగా దాన్ని వాడుకోకపోతే, వేరే షరతు లేనంతవరకు, ఆ హక్కు కాలం చెల్లినట్టే. ఈ రక్షణలు లైసెన్సులకూ వర్తిస్తాయి. ఇంత మేలు చేసే నిబంధనలు ఉన్నాయని తెలిసిన డిజైనర్లు ఎంతమంది? కాగితమే రాసుకోనప్పుడు ఇవన్నీ పుస్తకంలోనే ఉండిపోతాయి.

ఫ్రీలాన్స్ డిజైనర్‌తో లోగో గీయించుకున్న హోటల్ యజమాని బిల్లు కట్టేశాడు కాబట్టి లోగో తనదే అనుకుంటాడు. రాతపూర్వకంగా బదిలీ చేయించుకోకపోతే దాని కాపీరైట్ డిజైనర్‌దే. జీతానికి పనిచేసే ఉద్యోగి ఉద్యోగంలో భాగంగా గీస్తే మాత్రం అది కంపెనీది. ఇక్కడే ఒక గోతి ఉంది. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో, వేయించుకున్న పెయింటింగ్, రూపచిత్రం విషయంలో, వేరే ఒప్పందం లేకపోతే, తొలి హక్కుదారు డబ్బిచ్చినవాడే. పెళ్లి కోసం వధూవరుల బొమ్మలు గీసిచ్చే కళాకారులు ఈ ముక్కను గుర్తుపెట్టుకోవాలి. రేపు అదే బొమ్మను తమ వెబ్‌సైటులో నమూనాగా పెట్టుకోవాలన్నా ముందే రాయించుకోవడం మేలు.

హక్కులన్నీ అమ్మేసినా అమ్ముడుపోనిది ఒకటుంది, అది పేరు, దానితో వచ్చే గౌరవం. శిల్పి అమర్‌నాథ్ సెహగల్ ఢిల్లీ విజ్ఞాన్ భవన్ కోసం చేసిన భారీ కంచు కుడ్యశిల్పాన్ని 1979లో పీకి గోదాములో పడేశారు. ఆయన కోర్టుకెక్కారు. 2005లో ఢిల్లీ హైకోర్టు శిల్పాన్ని ఆయనకే తిరిగి ఇవ్వమని, 5 లక్షల రూపాయల పరిహారం చెల్లించమని ప్రభుత్వాన్ని ఆదేశించింది. కృతి మీద కృతికర్తకుండే ఈ నైతిక హక్కు కాపీరైట్ చట్టంలోని 57వ సెక్షన్‌ది. బొమ్మ మూలన ఉన్న సంతకాన్ని ఫొటోషాప్‌లో చెరిపేసేవాళ్లకు ఈ తీర్పు ఎవరైనా చూపించాలి.

బట్టల మీదికెక్కే డిజైన్ల కథ వేరు, అక్కడ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. చీర అంచుకో, డ్రెస్ మెటీరియల్‌కో ఒక డిజైన్ గీశారనుకుందాం. డిజైన్ల చట్టం కింద రిజిస్టర్ చేయదగ్గ డిజైన్‌ను రిజిస్టర్ చేయించకుండా, యజమాని గానీ ఆయన అనుమతితో ఇంకొకరు గానీ మిషన్ల మీద 50 సార్లకు మించి అచ్చువేస్తే, ఆ డిజైన్‌పై కాపీరైట్ పోతుంది. డిజిటల్ ప్రింటింగ్ మిషన్‌కు 50 ఒక లెక్కా? పోనీ, తర్వాత రిజిస్టర్ చేయిద్దామంటే కుదరదు, ఎందుకంటే 2000 నాటి డిజైన్ల చట్టం కింద రిజిస్టరయ్యే డిజైన్ దరఖాస్తుకు ముందు లోకానికి వెల్లడై ఉండకూడదు. అంటే ‘కొత్త కలెక్షన్’ అంటూ ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన రోజే ఆ తలుపు దాదాపు మూసుకుపోయినట్టు. ముందే చేయించుకుంటే 10 ఏళ్లు, పొడిగిస్తే మరో 5 ఏళ్లు రక్షణ. డిజైన్ స్కూళ్లలో రంగుల చక్రంతో పాటు మొదటి నెలలోనే చెప్పాల్సిన పాఠమిది.

ఉచితంగా పంచుకునేవాళ్లకూ కాగితం కావాలి. క్రియేటివ్ కామన్స్ 2002లో తొలి లైసెన్సులు తెచ్చింది అందుకే. ఇప్పుడున్నవి ఆరు రకాలు. పేరు చెప్పి వాడుకో అనేది ఒకటి, వ్యాపారానికి వద్దనేది ఒకటి, మార్చవద్దనేది ఇంకొకటి... ఇలా. ఒకసారి ఇచ్చాక, షరతులు పాటిస్తున్నవాళ్ల నుంచి వెనక్కి తీసుకోలేం. అమెరికాలో ఆర్ట్ డ్రాగ్లిస్ అనే ఆయన తన ఫొటోను ఫ్లికర్‌లో వ్యాపార వినియోగానికి కూడా అనుమతించే క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో పెట్టాడు. ఒక మ్యాపుల కంపెనీ దాన్ని తన అట్లాసుకు ముఖచిత్రంగా వేసి, వెనక అట్ట మీద చిన్న అక్షరాల్లో ఆయన పేరు, లైసెన్సు వివరం వేసింది. ఆయన కేసు వేశాడు. 2015లో కోర్టు కంపెనీ తప్పేమీ లేదంది. ఆయన పెట్టిన షరతులను వాళ్లు పాటించారు మరి.

అంతకంటే మనసు కలుక్కుమనే కథ కరోల్ హైస్మిత్‌ది. అమెరికా అంతటా తిరిగి తీసిన వేల ఫొటోలను ఆవిడ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ద్వారా ప్రజలకు ఇచ్చేసింది. 2015 డిసెంబరులో ఆవిడ సంస్థకే ఒక ఉత్తరం వచ్చింది. ‘మీ వెబ్‌సైటులో మా ఏజెన్సీ ఫొటో వాడారు, 120 డాలర్లు కట్టండి’ అని. ఆ ఫొటో ఆవిడ తీసిందే! ఆవిడ గెట్టీ ఇమేజెస్ తదితర సంస్థల మీద 100 కోట్ల డాలర్లకు దావా వేసింది. ఫొటోలను సార్వజనీనం చేసేశాక కాపీరైట్ వాదన నిలవదని 2016లో కోర్టు ఆ భాగాన్ని కొట్టేసింది. కొద్దిపాటి షరతైనా మిగుల్చుకుని ఇవ్వడానికీ, అన్నీ వదులుకుని ఇవ్వడానికీ ఎంత తేడా ఉందో ఆవిడకు అప్పుడు తెలిసొచ్చింది.

మంచి లైసెన్సు ఎలా ఉంటుందో చూడాలంటే తెలుగు ఫాంట్ల దగ్గరికే వెళ్లవచ్చు. గూగుల్ ఫాంట్స్ నుంచి ‘మండలి’ని గానీ ‘రామభద్ర’ను గానీ దించుకుని జిప్ ఫైలు విప్పితే, ఫాంటు పక్కనే ‘ఓఎఫ్ఎల్’ అనే చిన్న టెక్స్ట్ ఫైలు కనిపిస్తుంది. దాన్ని తెరిచేవాళ్లు అరుదు. సిలికానాంధ్ర విడుదల చేసిన ఈ ఫాంట్లకు వర్తించే ఓపెన్ ఫాంట్ లైసెన్సు అదే. శుభలేఖ వేసి సొమ్ము చేసుకోవచ్చు, పుస్తకం అచ్చు వేయవచ్చు, యాప్‌లో పెట్టుకోవచ్చు. అక్షరాలు మార్చి కొత్త ఫాంటూ చేయవచ్చు, కాకపోతే దాన్నీ ఇదే లైసెన్సు కింద ఇవ్వాలి. ఫాంటును ఒక్కదాన్నే విడిగా అమ్మకూడదు. ఒకటి రెండు పేజీల్లో అంతా తేలిపోయింది. ఒక్కో అక్షరానికీ గుడింతాలు, ఒత్తులు గీసి గీసి అలసిన చేతులు ఇచ్చిన కానుక అది, షరతులు స్పష్టంగా రాసి మరీ ఇచ్చింది.

దీనికి పూర్తిగా భిన్నం వాట్సాప్‌లో తిరిగే బాపు బొమ్మలు. 2014 ఆగస్టు 31న ఆయన కన్నుమూశారు. మన చట్టం ప్రకారం కళాకారుడు పోయాక 60 ఏళ్లు, మరుసటి జనవరి నుంచి లెక్క. అంటే ఆయన బొమ్మల మీద హక్కులు 2074 చివరిదాకా సజీవం. పుట్టినరోజు కార్డుల మీద, కప్పుల మీద వాటిని అచ్చు వేసి అమ్మేముందు ఎవరిని అడగాలో కనుక్కోవడం కనీస మర్యాద.

పెద్ద ఒప్పందాలకు లాయరు ఉండాల్సిందే. చిన్న పనులకు బిల్లు అడుగునే నాలుగు వాక్యాలు వేసి, ఇద్దరూ సంతకం చేస్తే చాలావరకు సరిపోతుంది. హరిదాసును గీసిన మనిషి ఇలా రాసుకుని ఉంటే ఎంత బాగుండేది: ‘ఈ బొమ్మను మీ షాపు ఫ్లెక్సీల్లో 2 ఏళ్లపాటు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వాడుకోవచ్చు. బట్టల మీద, కప్పుల మీద వేయాలంటే మళ్లీ అడగాలి. పీఎస్‌డీ ఫైలు ఎవరికీ పంపకూడదు, ఏఐ శిక్షణకు ఇవ్వకూడదు. మూలన నా పేరు ఉండాలి.’