కోలాటమును ఆరాధనయే

ఆరాధన యనగా ఆదివారమున గంట మ్రోగగానే ఆలయమునకు బోయి, వరుసలుగా కూర్చుండి, పుస్తకము చూచి ప్రార్థనలు చదువుటయే యని మనలో పలువురి తలంపు. అట్లయిన చదువనేరని తల్లి యేమి చేయవలెను?

తెలుగు సంఘములలో ఈ ప్రశ్నకు పాటయే సమాధానమైనది. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) క్రైస్తవ కీర్తనలను మన రాగతాళములలోనే రచించిరి. దొరల బాణీలలో తెలుగు మాటలను బిగించినచో దీర్ఘములు హ్రస్వములై వినువారికి నవ్వు వచ్చును గదా! 1912లో దోర్నకల్లు బిషపుగా అభిషిక్తులైన అజరయ్యగారు పుట్టుకచే తమిళులు. అయినను తెలుగు పల్లెల పాటను, ఆటను ఆదరించిరి. 1939లో ప్రతిష్ఠింపబడిన అచ్చటి మహాదేవాలయమును సైతము ఈ దేశపు శిల్పరీతులనే కలిపి కట్టించిరి.

కోలాటమున ఒకరు చరణ మెత్తుకొందురు, తక్కినవా రందుకొందురు, కోలలే తాళము. నాలుగు సారులు వలయము తిరుగునప్పటికి అక్షరము రానివారికిని క్రీస్తు జనన కథ కంఠస్థమగును. కోతపండుగనాడు కోడిపుంజును చంక బెట్టుకొని వచ్చు రైతు కానుకయు నిట్టిదే. ప్రార్థన నడుమ అది కూసినను దోషము లేదు.

ఆట దేవుని మరపించునని పెద్దలు కొందరు ఆక్షేపింతురు. ఆ భయము నిజమే. కాని పుస్తకము చేతబట్టి కునుకువారును కలరు! దావీదు మందసము నెదుట నాట్యమాడెను గదా.

రాబోవు క్రిస్మసునాడు మన బాలికలు కోలలు పట్టునపుడు తల్లులనుగూడ వలయములోనికి బిలువుడు. కోలలను మన బాలురే చెక్కి యీయగలరు.