వేరుశనగ చేనిలో చిమ్మట



చిమ్మట అనగానే మనకు పెట్టెలో బట్టలు కొట్టే పురుగు గుర్తుకొస్తుంది. తిరుమల కొండల దిగువన, చంద్రగిరి, పాకాల వైపు వేరుశనగ వేసే మన సంఘస్థులకు ఇంకో చిమ్మట తెలుసు. దాని పేరు ఆకుముడత.

ఆ మధ్య కుటుంబ దర్శనానికి వెళ్లినప్పుడు ఒక సహోదరుడు తన చేనులో ఒక ఆకు తుంచి ఎండకు ఎత్తి పట్టాడు. గోధుమరంగు మచ్చ లోపల సన్నని పురుగు కదులుతోంది. “రెండుసార్లు మందు కొట్టాను అయ్యగారూ, అప్పు తెచ్చి” అన్నాడు.

దీని రెక్కల పురుగు పొడవు 6 మిల్లీమీటర్లు ఉంటే ఎక్కువ. బూడిద కలిసిన గోధుమ రంగు, ముందు రెక్కల మీద ఒక్కో తెల్లచుక్క. రాత్రిపూట దీపానికి వస్తుంది. ఆకుల అడుగున విడివిడిగా గుడ్లు పెడుతుంది. పిల్లపురుగు ఆకు పై పొరకూ కింది పొరకూ నడుమ దూరి, అక్కడి పచ్చదనాన్ని తింటూ కొన్ని రోజులు లోపలే ఉంటుంది. ఆ చోటు ఇరుకయ్యాక బయటికొచ్చి, తన దారంతోనే ఆకును మడిచి, లేదా పక్క ఆకుతో కలిపి అతికించి, ఆ మడతలో తింటుంది. ఉధృతి పెరిగితే చేను దూరానికి కాలిపోయినట్టు కనబడుతుంది.

బెట్ట దీనికి బలం. గట్టి వాన పడితే తగ్గుతుంది. వాన కోసం ప్రార్థించమని పల్లె సంఘాలవారు అడిగేది వేళ్లకు నీటి కోసమే అనుకునేవాణ్ణి!

ఇక మందు సంగతి. పురుగు ఆకులోనో మడతలోనో దాగి ఉంటుంది గనుక పైపైన పడే మందు దానికి సరిగా తగలదు. ఆ పురుగును పట్టి చంపే చిన్న కందిరీగలు మాత్రం బయట తిరుగుతూ దొరికిపోతాయి. వాటిని పోగొట్టుకున్న చేనులో తర్వాతి తరం పురుగుకు అడ్డే ఉండదు. సజ్జను అంతరపంటగా వేసిన చోట ఈ కందిరీగలు బాగా నిలుస్తాయి. సోయాచిక్కుడు కూడా ఈ పురుగుకు ఆహారమే, కాబట్టి వేరుశనగ పక్కన దాన్ని వేయకపోవడం మేలు.

రెక్కల పురుగు కనబడగానే డబ్బా ఎత్తకండి. లింగాకర్షక బుట్టలు పెట్టి రాకను గమనించండి. చేనులో నాలుగైదు చోట్ల మొక్కలు చూసి, మచ్చ ఉన్న ఆకును ఎండకు పట్టి, బ్రతికున్న పురుగులు ఎన్నో లెక్కపెట్టండి. ఆ లెక్కతో తిరుపతిలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానాన్ని అడగండి. వేరుశనగ మీద ఏళ్ల తరబడి పనిచేస్తున్నవారు అక్కడున్నారు. మందు అవసరమా, అయితే ఏది, ఎప్పుడు అన్నది దుకాణంలో కాక వాళ్ల దగ్గర తేల్చుకోండి.