ఇంటర్వ్యూలో వింత ప్రశ్నలు

కార్వేటినగరం నుండి బస్సెక్కి తిరుపతికో చెన్నైకో ఇంటర్వ్యూకు వెళ్లిన బిడ్డ దిగులుగా తిరిగి వస్తాడు. "చదివింది ఒక్కటీ అడగలేదమ్మా" అంటాడు. అంతమాత్రాన ఓడిపోయినట్లేనా?

1958 ప్రాంతంలో అబ్దుల్ కలాం డెహ్రాడూన్‌లో వైమానిక దళం ఇంటర్వ్యూకు హాజరయ్యారు. 25 మందిలో 9వ వారుగా నిలిచారు. తీసుకున్నది 8 మందినే. కొన్నేళ్లకు బొంబాయిలో విక్రమ్ సారాభాయ్ ఆయనను ఇంటర్వ్యూ చేశారు. ఆ ప్రశ్నలు కలాంకు ఏమి తెలుసునని కాక, ముందుముందు ఏమి చేయగలరని వెదకినవి. ఉద్యోగం దొరికింది. 1980 జూలై 18న శ్రీహరికోటలో ఆయన సారథ్యంలోని ఎస్.ఎల్.వి.-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో చేర్చింది. ఒకచోట వద్దన్న మనిషే మరొకచోట అక్కరకు వచ్చాడు.

తల్లిదండ్రులారా, గుమ్మంలోనే "వచ్చిందా, పోయిందా?" అని నిలదీయకండి. ముందు అన్నం పెట్టండి. ఏమడిగారో తరువాత నిదానంగా వినండి.