దెబ్బ ఎట్లా వారసత్వమవుతుంది?

'దెబ్బలు తిన్నోడే బాగుపడతాడు' అనే మాట పల్నాడులో ఊళ్లోనూ వినపడుతుంది, పల్లెలోనూ వినపడుతుంది. కానీ రెండుచోట్లా దాని బరువు ఒకటి కాదు. ఊళ్లో పిల్లవాడిని కొట్టేది తండ్రి, పంతులు. మాల, మాదిగ పల్లెల పిల్లవాడి మీదికి మరో చెయ్యి కూడా లేచేది. అది జీతానికి పెట్టుకున్న ఆసామి చెయ్యి. పిల్లల మీద హింస తరం నుంచి తరానికి ఎట్లా పాకుతుందో తెలుసుకోవాలంటే ఈ మూడో చేతిని లెక్కలోకి తీసుకోక తప్పదు.

ముందు ఒక అపోహ తీసేయాలి. కొట్టించుకున్న బిడ్డ పెద్దయ్యాక కొట్టి తీరతాడా? 1987లో అమెరికాలో కాఫ్‌మన్, జిగ్లర్ అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను వడపోసి, అలాంటివాళ్లలో సుమారు 30 శాతం మంది తమ పిల్లల్ని హింసిస్తారని అంచనా వేశారు. 1989లో విడమ్ అనే పరిశోధకురాలు హింసకు, నిర్లక్ష్యానికి గురైనట్టు కోర్టు రికార్డుల కెక్కిన 908 మంది పిల్లల్ని మరో 667 మందితో పోల్చింది. మొదటివాళ్లలో 26 శాతం, రెండోవాళ్లలో 17 శాతం మైనర్లుగా ఉండగానే అరెస్టయ్యారు. ప్రమాదం పెరిగిన మాట నిజమే. అయినా ఎక్కువమంది ఆ దారిన పోలేదు. అంటే ఇది రక్తంలో వచ్చేది కాదు. ఈ సంగతి మనకు మరీ ముఖ్యం. ఎందుకంటే 'వాళ్ల పుట్టుకే అంత' అనడానికి కులం ఎప్పుడూ కాచుకునే ఉంటుంది.

మరి ఏ దారుల్లో పాకుతుంది?

మొదటిది అప్పు. అయ్య చేసిన అప్పుకు కొడుకు బర్రెలు కాయడానికి పోయేవాడు. తిట్టూ దెబ్బా జీతంలో భాగమే. 1976 చట్టం వెట్టిని రద్దు చేసింది. మిరపకోతలకు మాత్రం పిల్లలు బడి మాని పోతూనే ఉన్నారు. కోయడానికి కొందరు, చంటిపిల్లను ఎత్తుకోవడానికి కొందరు. 2016 సవరణ 14 ఏళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవద్దంది గానీ, బడి లేని వేళల్లో కుటుంబానికి సాయపడొచ్చని సందు వదిలింది. అమ్మ పక్కన వంగి కాయ కోస్తున్న బిడ్డది కూలీయా, సాయమా? తేల్చేదెవరు?

రెండోది భయం. 'ఆసామి కొట్టకముందే నేను కొడితే వీడికి బుద్ధొస్తుంది' అనుకుంటుంది తల్లి. ఎదురు మాట్లాడొద్దు, ఆ అరుగెక్కొద్దు అని వీపు మీద చరిచి నేర్పుతుంది. బిడ్డను కాపాడుకోవాలనే ఆమె ఆరాటం. కానీ జరిగేది కులం పనే, అదీ ఆమె చేతుల మీదుగా. పగలంతా ఆసామి ముందు తలొంచిన తండ్రి చెయ్యి రాత్రి ఇంట్లో లేస్తుంది. కారణం చెప్పుకోవడం వేరు, సమర్థించడం వేరు. ఆ దెబ్బ తినే భార్యకూ బిడ్డకూ ఆసామైనా అయ్యైనా ఒకటే.

మూడోది మౌనం. ఆడపిల్ల మీద చెయ్యి పడితే 'బయట చెప్తే పెళ్లి కాదు, పని పోతుంది' అంటారు. తన చిన్నతనంలో నోరు మూసుకున్న తల్లి కూతురికీ అదే నేర్పుతుంది. 2012లో పోక్సో చట్టం వచ్చినా స్టేషన్ దాకా పోవాలంటే కూలి పెట్టే ఇంటిని ఎదిరించాలి గదా!

బడి ఈ గొలుసు తెంచాల్సిన చోటు. వినుకొండలో 1895లో పుట్టిన జాషువాకు, మహారాష్ట్రలో అంబేడ్కర్‌కు బడే అవమానం రుచి చూపించింది. 2007లో కేంద్ర ప్రభుత్వ అధ్యయనం మన రాష్ట్రంతో సహా 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లల్ని అడిగితే ప్రతి ముగ్గురిలో ఇద్దరు దెబ్బలు తిన్నామన్నారు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. కులం పేరుతో ఎగతాళి ఆ వేధింపు కాకపోతే మరేది?

గొలుసు తెగిన ఇళ్లూ ఉన్నాయి. హింసలో పెరిగి కూడా తమ పిల్లల్ని హింసించని తల్లుల గురించి ఈగలాండ్ బృందం 1988లో రాసింది. చిన్నప్పుడు ఆదరించిన ఒక పెద్ద మనిషి, పెద్దయ్యాక అండగా నిలిచిన భర్త, లేదా దీర్ఘకాలం అందిన మానసిక చికిత్స వాళ్లలో ఎక్కువగా కనిపించాయి. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. నాలాంటి చాలామందికి ఆ పెద్ద మనిషి ఒక మేనత్త, ఒక హాస్టల్ వార్డెన్, ఒక టీచరు.

కాబట్టి పని రెండువైపులా ఉంది. కూలి రేటు, అప్పు, హాస్టల్ సీటు కోసం బయట కొట్లాడాలి. 1098 నంబరు ప్రతి బడి గోడ మీదా ఉండాలి. అదే సమయంలో సంఘం మీటింగుల్లో మన ఇళ్లలో లేచే చెయ్యి గురించి కూడా మాట్లాడుకోవాలి. ఇంటి గొడవ మీటింగులో ఎందుకని అడిగేవాళ్లుంటారు. ఆ దెబ్బ ఇంట్లో పుట్టింది కాదని, ఇంట్లో ఆగిపోవాలని వాళ్లకు చెప్పాలి.