సముద్ర ఏంజెల్ చేపల్లో ఆడ, మగ గుర్తింపు

ఏంజెల్ చేప అనగానే అక్వేరియం దుకాణాల్లో కనిపించే, పొడవాటి వాజాలున్న త్రికోణాకారపు చేప మీకు గుర్తుకు రావచ్చు. అది దక్షిణ అమెరికా నదుల్లో ఉండే మంచినీటి చేప. సిక్లిడే కుటుంబానికి చెందుతుంది. ఈ భాగంలో మనం చెప్పుకునేది పోమకాంథిడే కుటుంబానికి చెందిన సముద్రపు చేపల గురించి. ఇవి పగడపు దిబ్బల్లో నివసిస్తాయి. వీటిలో దాదాపు 90 జాతులున్నాయి. మొప్పలమూత కింది మూలలో ఉండే బలమైన ముల్లు వీటి ముఖ్య లక్షణం. చూడటానికి వీటిలాగే ఉండే సీతాకోకచిలుక చేపలకు ఈ ముల్లు ఉండదు.

ఈ చేపల్లో లింగ నిర్ధారణ ఎందుకు అవసరం? "ఒక జత కావాలి" అని అడిగితే దుకాణదారు చేతికి వచ్చిన రెండు చేపలను సంచిలో వేసి ఇస్తాడు. ఆ రెండూ మగవైతే బలమైనది రెండోదాన్ని మూలమూలకూ తరుముతుంది, వాజాలు చీలుస్తుంది, మేత దగ్గరకు రానివ్వదు. దిబ్బల్లో ఓడిపోయిన చేప దూరంగా పారిపోగలదు. గాజు తొట్టిలో పారిపోవడానికి చోటు లేదు. కొద్ది రోజుల్లోనే అది చనిపోవచ్చు. ఇవి చవకగా దొరికే చేపలు కావన్న సంగతి కూడా గుర్తుంచుకోండి.

ఆడ, మగ తేడాలను తెలుసుకునే ముందు ఒక విషయాన్ని అర్థం చేసుకోవాలి. ఈ కుటుంబంలో అధ్యయనం చేసిన అనేక జాతుల్లో చేప మొదట ఆడదిగా పరిపక్వమై, తరువాత మగదిగా మారుతుంది. దీనిని ప్రోటోగైని అంటారు. సెంట్రోపైజి ప్రజాతిలో ఒక మగచేప తన హద్దులో కొన్ని ఆడచేపలతో కలిసి జీవిస్తుంది. ఆ మగచేప చనిపోతే, ఆడచేపల్లో పెద్దది కొన్ని వారాల్లో మగచేపగా మారుతుంది. దాని అండాశయం స్థానంలో ముష్క కణజాలం అభివృద్ధి చెందుతుంది. కాబట్టి ఈ చేపల్లో లింగం పుట్టుకతో స్థిరపడేది కాదు. గుంపులో చేపకున్న స్థానాన్ని బట్టి అది మారుతుంది.

బాహ్య లక్షణాల ద్వారా సులభంగా గుర్తించగలిగేది జెనికాంథస్ ప్రజాతిలో మాత్రమే. ఇక్కడ లైంగిక ద్విరూపకత చాలా స్పష్టం. జెనికాంథస్ మెలనోస్పైలస్‌లో మగచేప శరీరంపై నల్లని నిలువు చారలు ఉంటాయి. ఆడచేపకు ఆ చారలు ఉండవు, దాని వీపు పసుపు రంగులో ఉంటుంది. ఈ రెండింటినీ పక్కపక్కన చూస్తే వేర్వేరు జాతులనే అనుకుంటారు. జెనికాంథస్ లామార్క్‌లో తేడా కొంచెం సూక్ష్మం: మగచేప శ్రోణి వాజాలు నల్లగా, ఆడచేపవి తెల్లగా ఉంటాయి. మగచేపల పుచ్ఛ వాజం రెండు కొనలూ పొడవుగా సాగి ఉంటాయి. అయితే మగచేప లేకుండా ఆడచేపలను మాత్రమే పెంచితే వాటిలో ఒకటి రంగు మారడం మొదలుపెడుతుంది. ఆ దశలో రెండు రకాల లక్షణాలూ కలిసి కనిపిస్తాయి. దాన్ని జబ్బుగా భావించి మందులు వేయకండి.

సెంట్రోపైజిలో గుర్తింపు ఇంత తేలిక కాదు. సాధారణంగా మగచేప పెద్దది. దాని పృష్ఠ, పాయు వాజాల వెనుక కొనలు కొంత మొనదేలి ఉంటాయి. ఎర్రని ఫ్లేమ్ ఏంజెల్‌లో ఆ వాజాల వెనుక భాగంలోని నీలి గీతలు మగచేపలో ఎక్కువగా ఉంటాయి. ఒకే చేపను చూసి ఈ తేడాలను నిర్ణయించడం కష్టం. రెండింటిని పోల్చి చూడాలి. నా సలహా అడిగితే, గుర్తుల కోసం వెతకడం కన్నా పరిమాణంలో తేడా ఉన్న రెండు చిన్న చేపలను ఎంచుకోవడం మేలు. చిన్నదాన్ని ముందు తొట్టిలో వదిలి, అది అలవాటుపడ్డాక పెద్దదాన్ని వదలాలి. పెద్దది సాధారణంగా మగదవుతుంది. ఒకవేళ రెండూ మగవే అయినా అన్ని దారులూ మూసుకుపోవు. సెంట్రోపైజి ఫెర్రుగాటాలో మగచేపలు తిరిగి ఆడచేపలుగా మారగలవని జపాన్ పరిశోధకులు 2003లో ప్రకటించారు. కానీ అలా మారేలోపు పోట్లాట ఆగదు.

పోమకాంథస్ ప్రజాతిలోని పెద్ద చేపల్లో బయటి నుంచి లింగాన్ని చెప్పడం దాదాపు అసాధ్యం. ఇక్కడ విద్యార్థులు తరచు ఒక పొరపాటు చేస్తారు. మన దేశంలో మన్నార్ సింధుశాఖ, లక్షదీవుల దిబ్బల్లో ఉండే ఎంపరర్ ఏంజెల్ పిల్లచేప ముదురు నీలంగా, తెల్లని వలయాలతో ఉంటుంది. పెద్దచేప మీద పసుపు చారలు ఉంటాయి. ఇది ఆడ, మగ తేడా కాదు, వయసు తేడా.

రంగు, ఆకారం చాలనప్పుడు ప్రవర్తనను గమనించండి. సాయంత్రం వెలుతురు తగ్గే వేళ మగచేప వాజాలు విప్పి ఆడచేప చుట్టూ తిరుగుతుంది, దాని పొట్టను మూతితో తాకుతుంది. రెండూ కలిసి పైకి లేచి అండాలను, శుక్రకణాలను నీటిలోకి విడుదల చేస్తాయి. తొట్టిలో దీపం ఒక్కసారిగా ఆర్పేస్తే ఈ ప్రవర్తన కనిపించే అవకాశం తక్కువ. వెలుతురును క్రమంగా తగ్గించాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

ఒక తొట్టిలో ఒక మగ, రెండు ఆడ సెంట్రోపైజి చేపలు ఉన్నాయి. మగచేప చనిపోయింది. వెంటనే మరో పెద్ద మగచేపను కొని తేవాలా, కొన్ని వారాలు ఆగాలా? మీ సమాధానాన్ని కారణాలతో ఐదు వాక్యాల్లో రాయండి.