ఇంజిన్ మార్చాక ఘాట్‌లో బండి ఎందుకు మొరాయిస్తుంది?

ఇంజిన్ మార్పించిన బైకు నంద్యాల నుంచి ఆత్మకూరు దాకా చక్కగా పరుగెత్తి, శ్రీశైలం దారిలో నల్లమల ఘాట్ ఎక్కగానే మొరాయిస్తే అందరూ ముందు ఇంజిన్నే తిడతారు. నన్నడిగితే అనుమానించాల్సింది దాన్ని కాదు, మార్చేటప్పుడు ఊడదీసి మళ్లీ తగిలించినవాటిని: క్లచ్ కేబుల్, పెట్రోలు ట్యూబు, ఎర్త్ వైరు. ఇంజిన్‌లో కంప్రెషనే తక్కువైతే బండి నంద్యాలలోనే స్టార్టవడానికి ఏడిపించేది కదా! ఘాట్‌లో చెవిపెట్టి వినండి. యాక్సిలరేటర్ తిప్పితే మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోందన్నమాట. కేబుల్ మరీ బిగుతుగా కడితే ప్లేట్లు పూర్తిగా అతుక్కోవు. చదును రోడ్డు మీద ఆ పట్టు సరిపోతుంది, ఎగువకు చాలదు. లివర్ కొసన రవ్వంత వదులుంటే చాలు. అలాకాక మోతే తగ్గి ఆగిపోయి, కాసేపటికి మళ్లీ స్టార్టయితే ట్యూబు మడతపడిందేమో చూడాలి. ఎక్కేటప్పుడు ఇంజిన్ తాగేది ఎక్కువ, కార్బురేటర్ గిన్నెలోకి దిగేది తక్కువ. బండి ఆగినప్పుడే ఆ గిన్నె నిండుతుంది.

‘కొండ మీద గాలి పల్చన కదా, అదేమో?’ అనొచ్చు. నిజమే, కానీ నంద్యాల దాదాపు 200 మీటర్ల ఎత్తులో ఉంటే శ్రీశైలం 500 మీటర్లలోపే. గాలి తగ్గేది 4 శాతం దాటదు. ఆ మాత్రానికి బండి ఆగదు.