శరత్కాలపు పండ్ల కోసంబరి, ఇంట చేసికొను ఆవపులుపు

ఆశ్వయుజ కార్తిక మాసములు మన తోటలకు నిండుకాలము. వానలు తెరపియిచ్చి ఆకాశము తేటపడును. జామకొమ్మలు కాయల బరువునకు వంగును. బత్తాయిచెట్లపై కాయలు పసుపు తిరుగును. దానిమ్మలు ఎఱ్ఱబారును. కొండదిగువల నుండి సీతాఫలపు గంపలు రోడ్డు ప్రక్కలకు దిగును. క్షీరాబ్ధి ద్వాదశినాటికి ఉసిరికొమ్మ ప్రతి తులసికోట చెంతకును చేరును. ఇంత పంట కన్నుల యెదుట నుండగా, దానిని పండించిన యింటివారి విస్తరిలో మాత్రము పండుముక్క యొకటి కనబడుట అరుదు. ఈ వ్యాసము వ్రాయుటకు కారణ మిదియే.

మేము సంఘపు కొట్టమునందు కాయల యెంపిక జరుగునపుడు అనేక పర్యాయములు చూచిన సంగతి యొకటి కలదు. పెద్దవియు, మచ్చలేనివియు నగు జామకాయలు ఒక ప్రక్కకు పోవును. కొలతకు తక్కువైనవి, ఆకు రాపిడికి గీతపడినవి, వంకరగా పెరిగినవి మరియొక ప్రక్కన కుప్పపడును. వ్యాపారి ఆ రెండవ కుప్ప వంక చూడడు. రైతు దానిని తిరిగి బండిలో వేసికొనిపోవుటకు సిగ్గుపడును. సాయంకాలమునకు ఆ కుప్ప పశువుల పాలగును. ఆ పూటనే ఆ రైతు బిడ్డ అంగడిలో రంగుల పొట్లము కొని, ఉప్పుకారముల వేపుడు తినుచుండును. గీతపడిన కాయలో రుచియు తగ్గలేదు, సత్తువయు తగ్గలేదు. తగ్గినది వెల మాత్రమే. వెల లేనిదానికి విలువ లేదనుకొనుట మనము చేయుచున్న పొరపాటు.

పండు భోజనముతోడనే యేల?

హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థ 2024వ సంవత్సరమున ప్రకటించిన సూచనలలో, దినమునకు 2000 కిలోక్యాలరీల ఆహారము తీసికొను వ్యక్తికి కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములును, పండ్లు 100 గ్రాములును ఉండవలెనని చెప్పబడినది. నూరు గ్రాములనగా ఒక చిన్న జామకాయ. ఇది మన తోటలు గల గ్రామములకు గొప్ప భారము కాదు.

జామకాయయందు సి విటమిను విస్తారముగా నున్నది. నూరు గ్రాముల జామలో సుమారు 200 మిల్లీగ్రాములు ఉండును. బత్తాయిలో ఉండునది అందులో సుమారు నాలుగవ వంతు. ఎదిగిన పురుషునకు దినమునకు కావలసినది 80 మిల్లీగ్రాములే యని 2020లో ఆ సంస్థవారు నిర్ణయించిరి. కావున సగము జామకాయతో ఒక మనిషి దినావసరము తీరును.

ఈ విటమినునకు మరియొక గుణము కలదు. మన అన్నము, జొన్నరొట్టె, రాగిసంకటి, పప్పు, ఆకుకూరలలో నున్న ఇనుము శరీరమునకు సులభముగా పట్టునది కాదు. అదే భోజనమునందు సి విటమిను గల పదార్థమును కూడ తినినచో ఆ యినుము ఎక్కువగా పట్టును. కనుకనే పండును సాయంకాలము వేరుగా తినుటకంటె అన్నముతో కలిపి తినుట మేలు. భోజనమైన వెంటనే తేనీరు త్రాగినచో ఇనుము పట్టుట తగ్గును గావున ఒక గంటయైన ఆగవలెను.

ఇది చిన్న విషయము కాదు. 2019–21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన దేశమునందు 15 మొదలు 49 ఏండ్ల వయసు గల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. కలుపు తీయుచు ఆయాసపడు తల్లి, బడిలో తల వాల్చు కూతురు ఈ లెక్కలోనివారే. పండ్ల కోసంబరి రక్తహీనతకు మందు కాదు. వైద్యులిచ్చిన ఇనుపమాత్రలను మానరాదు. కాని తినుచున్న తిండి ఒంటబట్టుటకు ఇది తోడ్పడును.

కోసంబరి మనకు క్రొత్త కాదు

పచ్చికాయలను, పండ్లను, ఆకులను తరిగి, పులుపును నూనెయు కలిపి పాశ్చాత్యులు తిను పదార్థమును సాలడ్ అందురు. మన యిండ్లలో శ్రీరామనవమికి నానబెట్టిన పెసరపప్పుతో వడపప్పు చేయుదుము. దానికే దోసకాయ ముక్కలు, కొబ్బరికోరు, నిమ్మరసము చేర్చిన కోసంబరి యగును. ఆవ పెట్టుట యన్నను మన వంటవారికి తెలియనిది కాదు. ఈ రెండు తెలిసిన పనులను కలిపి, కాలమునకు తగిన పండ్లు చేర్చుటయే మేము చెప్పబోవునది.

కావలసిన పదార్థములు

ఆరుగురికి సరిపోవు కొలత యిది. దోరజామకాయలు అరకిలో; బత్తాయిలు 2; దానిమ్మకాయ 1; లేత కీరదోసకాయలు 2; పెసరపప్పు 50 గ్రాములు; పచ్చికొబ్బరికోరు గుప్పెడు; కొత్తిమీర చిన్న కట్ట; వేయించి పొట్టుతీసిన వేరుసెనగపప్పు గుప్పెడు.

జామ మిగుల పండినది పనికిరాదు. నొక్కిన కొంచెము లొంగునట్టి దోరకాయ కావలెను. వానకాలపు జామలో పండుఈగ పురుగు ఉండుట కలదు గావున ప్రతి కాయను నాలుగు చెక్కలుగా కోసి లోపల చూచిన పిమ్మటనే ముక్కలు చేయవలెను. గీతలు, మచ్చలు పైతోలునకే పరిమితమైనచో భయము లేదు. కుళ్లినది, బూజుపట్టినది మాత్రము తీసివేయవలెను. తక్కువరకము వేరు, చెడినది వేరు.

తోటలో పురుగుమందు చల్లియున్నచో, కోతకు ఎన్ని దినములు వేచియుండవలెనో ఆ మందు సీసాపై చీటీలో వ్రాసియుండును. బజారునకు పంపు కాయకు ఆ నియమ మెంత ముఖ్యమో ఇంటి కాయకును అంతియే ముఖ్యము. ఇది వండని పదార్థము గావున కాయలను కోయక మునుపే ధారగా పోసిన మంచినీటితో రుద్ది కడుగవలెను. కత్తిపీటను, చేతులను సబ్బుతో కడుగుకొనవలెను. పెసరపప్పును కాచి చల్లార్చిన నీటిలో ఒక గంట నానబెట్టి వడకట్టవలెను.

ఆవపులుపు చేయు విధము

ఆవాలు చిన్న చెమ్చాడు, నిమ్మరసము పెద్ద చెమ్చాలు 2, గానుగ నువ్వులనూనె పెద్ద చెమ్చాలు 3, బెల్లపు పొడి చిన్న చెమ్చాడు, ఉప్పు అర చెమ్చా, మిరియపుపొడి చిటికెడు తీసికొనవలెను.

ఆవాలను ముందు పొడిగా దంచి, చెమ్చాడు చన్నీళ్లు చేర్చి మెత్తగా నూరి, పది నిమిషములు అట్లే ఉంచవలెను. ఆవగింజయందు ఘాటునకు మూలమగు పదార్థమును, దానిని విడదీసి ఘాటు పుట్టించు ఎంజైమును వేర్వేరుగా నుండును. గింజ నలిగి తడి తగిలినపుడు అవి రెండును కలిసి ఘాటు జనించును. మరగినీళ్లు పోసినచో ఆ ఎంజైము చెడి ఘాటు రాదు, చేదు మాత్రము మిగులును. నూరిన వెంటనే నిమ్మరసము పోసినచో ఘాటు పూర్తిగా రాకమునుపే నిలిచిపోవును. కావున ముందు నీరు, పిదప పులుపు. ఈ క్రమము తప్పరాదు.

పది నిమిషములైన పిమ్మట నిమ్మరసము, ఉప్పు, బెల్లము చేర్చి కరగువరకు కలుపవలెను. తరువాత నూనెను కొంచెము కొంచెముగా పోయుచు కవ్వముతో గిలకొట్టవలెను. లేదా అన్నిటిని మూతగల గాజుసీసాలో పోసి రెండు నిమిషములు గట్టిగా కుదుపవచ్చును. నూనెయు పులుసును సహజముగా విడిపోవునవి. ఆవపిండియందలి జిగురు నూనెబొట్లను పట్టి యుంచి రెంటిని కొంతసేపు కలిపి నిలుపును. అపుడది చిక్కనై, పసుపువన్నె గలదై, ముక్కలకు అంటును. తిరిగి విడిపోయినచో మరల కుదిపిన చాలును.

నూనె యెందులకని కొందరు అడుగుదురు. ఎఱ్ఱజామ, బొప్పాయి మొదలగువాని రంగునందున్న పోషకములు కొవ్వు తోడులేనిదే శరీరమునకు బాగుగా పట్టవు. ఆరుగురికి మూడు చెమ్చాల నూనె అధికము కాదు.

కలుపు సమయము

మేము మొదటిసారి దీనిని కార్తిక వనభోజనములకు చేసినపుడు ఒక తప్పు చేసితిమి. ఉసిరిచెట్టు క్రిందికి పోయినపిదప పని యుండరాదని, తెల్లవారుజామున ముక్కలు కోసి, ఆవపులుపు పోసి, గంగాళము నిండ కలిపి బండి యెక్కించితిమి. మధ్యాహ్నమున మూత తీసిచూడగా ముక్కలు మెత్తబడి, గంగాళమునందు సగము నీరు నిలిచియుండెను. పిల్లలు ఒక ముద్ద నోట పెట్టి ఊరకుండిరి. మిగిలినదంతయు పారబోయవలసి వచ్చెను. పశువులకు పోవు కాయలను మనుష్యులకు పెట్టుదుమని తెచ్చి, చివరకు పశువులకైన పనికిరాకుండ చేసితిమి.

కారణము తరువాత తెలిసినది. ఉప్పు, తీపి తగిలిన ముక్కలు తమలోని నీటిని బయటికి విడుచును. కీరదోస మరింత విడుచును. పైగా కోసిన ముక్కకు గాలి సోకినకొలది సి విటమినును తరుగుచుండును. కావున కాయలను కోయుటయు, కలుపుటయు విస్తళ్లు పరచుచుండగా జరుగవలెను. ముందుగా చేసియుంచుకొనదగినవి మూడే: నానబెట్టిన పప్పు, ఒలిచిన దానిమ్మగింజలు, సీసాలోని ఆవపులుపు. మరుసటి యేడు ఈ ప్రకారమే చేసితిమి. గంగాళము అడుగంటినది. పులుపు ఎక్కడ కొన్నదని అడిగిన పెద్దవారికి సీసా చూపి, మన ఆవాలు, మన నూనెయే యని చెప్పితిమి.

కలుపు క్రమమిది. జామను బొటనవ్రేలి గోరంత ముక్కలుగా కోసి వెంటనే నాలుగు బొట్లు నిమ్మరసము చిలికించవలెను. అందువలన రంగు మారదు. బత్తాయితొనలకు తెల్లని పొరను, గింజలను తీసివేయవలెను. అవి చేదు. కీరదోస, పెసరపప్పు, దానిమ్మగింజలు, కొబ్బరి, కొత్తిమీర చేర్చి, పైని ఆవపులుపు పోసి, చేతితో నలుపక గరిటెతో క్రిందుమీదుగా రెండుసారులు త్రిప్పవలెను. వేరుసెనగపప్పును కచ్చాపచ్చాగా దంచి చివర చల్లవలెను. ముందే వేసినచో మెత్తబడును. చేసిన పూటనే తినివేయవలెను.

మార్పులు, జాగ్రత్తలు

ఆవఘాటు గిట్టనివారికి పెరుగుతో చేయవచ్చును. గట్టిపెరుగును పలుచని గుడ్డలో మూటగట్టి అరగంట వ్రేలాడదీసి, దానియందు అల్లము, వేయించిన జీలకఱ్ఱపొడి, ఉప్పు కలుపవలెను. ఉసిరికాయలు దొరకినపుడు రెండు తురిమి నిమ్మరసమునకు బదులుగా వేయవచ్చును. సీతాఫలము మెత్తనిది గావున ముక్కలలో కలువదు. దాని గుజ్జును వేరుగా పెరుగులో కలిపికొనవచ్చును. దాని గింజలను నమలరాదు. ఆ గింజలపొడి కంటబడిన హాని కలుగును గావున పిల్లలకు అందనీయరాదు.

చిన్నపిల్లలకు జామగింజలు, వేరుసెనగ బద్దలు గొంతున అడ్డుపడు భయము కలదు. వారికి గింజలేని కండను మెత్తగా తురిమి పెట్టవలెను. మధుమేహము గలవారు బెల్లము మాని, జామ, కీరదోస హెచ్చుగాను, బత్తాయి, దానిమ్మ తక్కువగాను వేసికొనవలెను. పండ్లరసముకంటె పండుముక్కలే వారికి మేలు.

మా మనవి

తోట గల ప్రతి సభ్యుడును కాయలు అమ్మకమునకు తెచ్చిన దినమున, ఏరివేతలోని మంచి కాయలలో ఒక గంపను ఇంటికి మరల తీసికొనిపోవలెనని మా కోరిక. తోట లేని సభ్యులకును, గ్రామపు బడి మధ్యాహ్న భోజనమునకును మరియొక గంప విడువవచ్చును. ఇందులకు ఎవరి చేతి రూకయు ఖర్చుగాదు. రాబోవు సర్వసభ్య సమావేశమున దీనిని తీర్మానముగా ప్రతిపాదింతుము. అంతవరకు ఆగవలసిన పనియు లేదు. నేటి కోతలో గీతపడిన నాలుగు కాయలను ఏరి ఇంటికి తీసికొనిపొండు. ఆవాలు నూరుటకు పది నిమిషములు చాలును. కాయ పండించిన చేతులు ఆ కాయ రుచి యెరుగుట న్యాయమని మా అభిప్రాయము.